ఇంటికంతటికీ ఒకే డీహ్యూమిడిఫైయరా, చిన్నదొకటి చాలా? అమెరికా ఇళ్లలో బూజు నివారణకు ఎంపిక సలహా

హ్యూస్టన్, అట్లాంటా, రాలీ వంటి ఊళ్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు బూజు సంగతి తరచుగా నడివేసవిలో కాక, దసరా రోజుల్లో తెలిసివస్తుంది. పండుగకు కట్టుకుందామని తీసిన పట్టుచీర మడతల్లో తెల్లటి మచ్చలు, పూజామందిరం వెనక చెక్కకు పట్టిన బూడిదరంగు పొర, ఏసీ గాలి వచ్చే జాలీల చుట్టూ నల్లటి చుక్కలు, అల్మారా తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటివారు ముందుగా ఏసీ కంపెనీని పిలుస్తారు. వచ్చినవారు ఇంటికంతటికీ పనిచేసే హోల్‌హోమ్ డీహ్యూమిడిఫైయర్ పెట్టించుకొమ్మని మూడు వేల డాలర్ల అంచనా చేతిలో పెడతారు. అదే వారం ఏదో దుకాణంలో రెండున్నర వందలకే చక్రాల మీద నడిచే యంత్రం కనిపిస్తుంది. రెండూ గాలిలోని తేమను తీసేవే అయినప్పుడు ఖర్చులో పది రెట్లకు పైగా తేడా ఎందుకన్న సందేహం దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఈ వ్యాసం ఆ సందేహంలో ఉన్నవారి కోసం. ఏసీ పెద్దగా నడవని రోజుల్లో మీ ఇంట్లో తేమ ఎంత ఉంటుందో తెలియకుండా ఈ రెండింటిలో ఏదీ కొనకూడదన్నది నా అభిప్రాయం. కారణాలు వివరించాక ఒక్కొక్క మార్గాన్నీ పరిశీలిద్దాం.

## ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

కొలత. ఇంట్లో సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడిమి దగ్గర గాలి పట్టగలిగే ఆవిరిలో ఎంత శాతం ఉన్నదన్న లెక్క, 60 శాతానికి లోపు ఉండాలని, వీలైతే 30 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అయితే గది మధ్యలో పెట్టిన మీటరు చూపే అంకె, బూజు పట్టే గోడ దగ్గరి అంకె ఒకటి కావు. గది ఉష్ణోగ్రత 75 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 60 శాతం ఉన్నాయనుకుందాం. బీరువా వెనకో, ఏసీ గాలి నేరుగా తగిలేచోటో గోడ 66 డిగ్రీలకు చల్లబడితే, ఆ గోడను తాకుతున్న గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. గోడలకు బిగించే జిప్సం పలక, అంటే షీట్‌రాక్ మీది కాగితానికి బూజు పట్టడానికి అది చాలు. గదిలో తేమ 50 శాతమే ఉన్నప్పుడు అదే గోడ దగ్గర అది 68 శాతం దగ్గర ఆగుతుంది. గదిలో తగ్గించిన పది శాతం ఇంటి చల్లని మూలలను కాపాడుతుందన్నమాట.

కొలవడానికి పది పదిహేను డాలర్ల డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు మూడు చాలు. వాటిని నమ్మే ముందు ఇంట్లోని ఉప్పుతోనే పరీక్షించుకోవచ్చు. సీసామూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు వేసి, మీటరుతో పాటు జిప్ సంచిలో పెట్టి గాలి దూరకుండా మూసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదపకుండా ఉంచండి. సంచిలో తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది కనుక మీటరు 71 చూపితే, ఇకపై అది చూపే ప్రతి అంకెకూ నాలుగు కలుపుకోవాలి. తర్వాత ఒక మీటరును బయటి గోడకు ఆనుకుని ఉన్న అల్మారాలోను, ఒకదాన్ని హాలులోను, ఒకదాన్ని బేస్‌మెంట్ ఉంటే అక్కడా పెట్టండి.

కొలవవలసిన కాలం ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు. జూలైలో ఏసీ రోజంతా నడుస్తుంది. మూడు టన్నుల ఏసీ ఆగకుండా నడిస్తే గంటకు సుమారు మూడు నాలుగు లీటర్ల నీటిని గాలినుంచి లాగి బయటకు పంపుతుంది. రోజుకు 70 పింట్లు, అంటే 33 లీటర్లు తీయగల హోల్‌హోమ్ యంత్రం గంటకు తీసేది లీటరున్నర కూడా కాదు. నడుస్తున్నంతసేపు మీ ఇంట్లోని అతిపెద్ద డీహ్యూమిడిఫైయర్ ఆ ఏసీయే. బయట 70 డిగ్రీలుండి సన్నగా వాన పడుతూ, చల్లదనం అవసరం లేక ఏసీ ఊరుకున్న రోజుల్లోనే తేమ 65, 70 శాతానికి ఎక్కుతుంది. దసరా నాటి చీర మచ్చలకు మూలం అక్కడుంది.

నీరు ఎక్కడినుంచి వస్తున్నది. డీహ్యూమిడిఫైయర్ గాలిలోని ఆవిరిని తీయగలదే కాని గోడలోకి కారుతున్న నీటిని ఆపలేదు. మచ్చ ఒకేచోట ఉండి, వాన పడిన ప్రతిసారీ పెద్దదవుతుంటే అది కప్పు నుంచో, కిటికీ చుట్టూ ఉన్న సందుల నుంచో, పైపు నుంచో వచ్చే నీరు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే 623 గ్యాలన్ల నీరు దిగుతుంది. గట్టర్ పైపు ఆ నీటిని పునాది పక్కనే వదులుతుంటే బేస్‌మెంట్‌లో ఎన్ని యంత్రాలు పెట్టినా ప్రయోజనం ఉండదు. పైపును నాలుగైదు అడుగులు పొడిగించడానికి అయ్యే ఖర్చు ఇరవై డాలర్లే. తడిసిన షీట్‌రాక్, తివాచీ వంటివాటిని 24 నుంచి 48 గంటల లోపు ఆరబెట్టగలిగితే చాలావరకు బూజు పట్టదు. మచ్చలు ఇల్లంతా, ముఖ్యంగా చల్లని ఉపరితలాల మీద, అల్మారాల్లో, జాలీల దగ్గర చెదురుమదురుగా కనిపిస్తే అప్పుడు గాలిలోని తేమను అనుమానించాలి.

చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో మరొక సంగతి చూసుకోవాలి. అక్కడ ఇంటిని వేడిచేసే ఫర్నేస్ పక్కన శీతాకాలం కోసం తేమను పెంచే హ్యూమిడిఫైయర్ బిగించి ఉంటుంది. వేసవిలో దాని నీటి కొళాయి కట్టకుండా, దాని గాలి దారి మూత అయిన డ్యాంపర్ మూయకుండా వదిలేసి తేమ ఎక్కువైందని బాధపడే ఇళ్లు ఉన్నాయి.

వాతావరణం. హ్యూస్టన్, న్యూ ఆర్లీన్స్, టాంపా వంటిచోట్ల ఏడాదిలో చాలా నెలలు బయటి గాలే తడి. అట్లాంటా, రాలీ, డాలస్‌లలో కాలం కొంత తక్కువ. న్యూజెర్సీ, షికాగో, డిట్రాయిట్‌లలో ఇబ్బంది ప్రధానంగా బేస్‌మెంట్‌ది, అదీ మే నుంచి సెప్టెంబరు వరకు. ఫీనిక్స్ ఎడారి గనుక అక్కడ బూజు పట్టిందంటే దాదాపు ఎప్పుడూ నీటి లీకే కారణం. సియాటిల్, బే ఏరియాలలో శీతాకాలపు కిటికీ అద్దాల మీది నీటిబొట్లకు బయటి గాలిని లోపలికి రానివ్వడమే చౌకైన మందు. ఎందుకంటే చల్లని గాలిలో ఆవిరి తక్కువ. అది ఇంట్లోకి వచ్చి వేడెక్కితే మరింత పొడిబారుతుంది.

నీటి పారుదల, వేడి, ఖర్చు. యంత్రం తీసిన నీరు ఎటు పోతుంది, యంత్రం వదిలే వేడి ఎటు పోతుంది, నెలకు కరెంటు ఎంత అన్న మూడు ప్రశ్నలను కొనుగోలుదారులు సాధారణంగా చివరకు వాయిదా వేస్తారు. ఒక లీటరు నీటిని తీయడానికి మంచి యంత్రం సుమారు అర యూనిట్ కరెంటు వాడుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం ఇంకొక 0.68 యూనిట్లు. రెండూ కలిసి సుమారు 1.2 యూనిట్ల వేడి ఇంట్లోనే మిగులుతుంది. రోజుకు 20 లీటర్లు తీస్తే 24 యూనిట్ల వేడి; దాన్ని బయటకు పంపడానికి ఒక టన్ను ఏసీ దాదాపు ఏడు గంటలు పనిచేయాలి. అక్టోబరు వానలో ఆ వెచ్చదనం ఇబ్బంది కాదు, ఒక్కోసారి హాయిగా కూడా ఉంటుంది. ఆగస్టు మధ్యాహ్నం మాత్రం అది రెండు యంత్రాలూ ఒకదానికొకటి ఎదురు నడవడమే.

## మొదటి మార్గం: ఉన్న ఏసీని సరిచేసుకోవడం

దీనికి డబ్బు దాదాపు అక్కరలేదు కాబట్టి ఎవరైనా ఇక్కడ మొదలుపెట్టాలి. థర్మోస్టాట్‌లో ఫ్యాన్ మీట 'ఆన్' మీద ఉంటే 'ఆటో'కు మార్చండి. ఏసీ ఆగినప్పుడు చల్లని కాయిల్ మీద, దాని కింది పళ్లెంలో నీరు మిగిలే ఉంటుంది; ఫ్యాన్ అలాగే తిరుగుతుంటే ఆ నీరు మళ్లీ ఆవిరై ఇంట్లోకే వస్తుంది. గాలి ఆడాలని ఫ్యాన్‌ను ఇరవైనాలుగు గంటలూ తిప్పే ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే తేమ స్పష్టంగా తగ్గవచ్చు.

రెండవది ఏసీ పరిమాణం. అవసరానికి మించిన టన్నుల ఏసీ ఎనిమిది పది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది, కాయిల్ తడిసి నీరు కారడం మొదలయ్యేసరికే దాని పని అయిపోతుంది. 'కాస్త పెద్దదైతేనే మంచిది కదా' అని ఐదు టన్నులది వేయించుకున్నవారి ఇల్లు చల్లగా ఉంటుంది, కాని ఒంటికి జిగటగా తగులుతుంది. ఆ జిగట పోవడానికి థర్మోస్టాట్‌ను 68కి దించుతారు. దానితో గోడలు, జాలీలు ఇంకా చల్లబడి, బూజుకు అనువైన చోట్లు పెరుగుతాయి. ఏసీ మార్చే సమయం ఎలాగూ దగ్గరపడితే, మేన్యువల్ జె పద్ధతిలో ఇంటి వేడిభారం లెక్కకట్టి ఇచ్చేవారి దగ్గరే, వేగం మార్చుకునే కంప్రెసర్ ఉన్నదాన్ని తీసుకోవడం మేలు. అది తక్కువ వేగంతో ఎక్కువసేపు నడుస్తుంది కనుక తేమ బాగా తీస్తుంది. పాత యంత్రమే ఉంచుకుంటే టన్నుకు నిమిషానికి 400 ఘనపు అడుగులుగా ఉన్న గాలి ప్రవాహాన్ని 350కి తగ్గించమని మెకానిక్‌ను అడగవచ్చు; తడి ప్రాంతాల్లో ఇది తెలిసిన పద్ధతే.

అటకలో గాలి గొట్టాల అతుకులు ఊడి ఉన్నాయేమో కూడా చూడాలి. ఇంట్లోకి రావలసిన చల్లగాలి అటకలోకి కారితే, ఆ లోటును పూడ్చడానికి ప్రతి సందులోంచీ బయటి తడిగాలి లోపలికి వస్తుంది.

అయితే ఇవన్నీ చేసినా, ఏసీ నడవవలసిన అవసరమే లేని రోజున ఏసీ తేమను తీయలేదు. ఈ మార్గానికి ఉన్న హద్దు అదే.

## రెండవ మార్గం: ఆవిరిని పుట్టినచోటే బయటకు పంపడం

మన వంట ఆవిరి వంట. ఇడ్లీ పాత్ర, అన్నం, పప్పు కుక్కర్, సాయంత్రం మళ్లీ టీ. గ్యాస్ పొయ్యి అయితే మంట కూడా నీటి ఆవిరిని పుట్టిస్తుంది. చాలా అమెరికన్ ఇళ్లలో పొయ్యి పైన ఉండే మైక్రోవేవ్‌లోని ఫ్యాన్ గాలిని వడకట్టి తిరిగి వంటింట్లోకే వదులుతుంది. నూనె జిడ్డు కొంత ఆగవచ్చు, ఆవిరి మాత్రం ఎక్కడికీ పోదు. ఫ్యాన్ వేసి పైభాగంలోని జాలీ దగ్గర చేయి పెట్టినప్పుడు గాలి చేతికి తగిలితే అది బయటకు పోవడం లేదని తెలిసిపోతుంది. బయటకు గొట్టం ఉన్న, నిమిషానికి కనీసం 100 ఘనపు అడుగులు లాగే హుడ్ కావాలి. స్నానాల గదికి 50 చాలు. ఫ్యాన్ జాలీకి టిష్యూ కాగితం అంటుకోకపోతే అది శబ్దం చేస్తున్నదే కాని పని చేయడం లేదు. స్నానం అయ్యాక ఇరవై, ముప్పై నిమిషాలు తిరిగేలా టైమర్ స్విచ్ పెట్టించుకోండి.

ఈ మార్గం సియాటిల్‌కు, న్యూజెర్సీ శీతాకాలానికి సరిపోతుంది. గల్ఫ్ తీరంలో వేసవిలో అతిగా వాడకూడదు, ఎందుకంటే ఎంత గాలి బయటకు పోతే అంత తడిగాలి లోపలికి వస్తుంది. ఇక్కడ ఇంకొక మాట. విశాఖపట్నం నుంచో కాకినాడ నుంచో వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం కాగానే కిటికీలు తెరవమంటారు. ఏసీ వేయని, పగలంతా వేడెక్కిన ఇటుక గోడల ఇంట్లో అది సరైన పని. హ్యూస్టన్‌లో జూన్ రాత్రి బయటి గాలి తుషార స్థానం, అంటే ఆవిరి నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, 70 డిగ్రీలు దాటి ఉంటుంది. 72 డిగ్రీలకు చల్లబరిచిన ఇంట్లోకి ఆ గాలి వచ్చిందంటే పరుపు నుంచి పుస్తకాల వరకు అన్నీ రాత్రికి రాత్రి చెమ్మ పీల్చుకుంటాయి. పెద్దవాళ్లకు ఇది ఒకసారి మీటరు చూపించి చెబితే మాటల కంటే తొందరగా అర్థమవుతుంది.

## మూడవ మార్గం: పోర్టబుల్ యంత్రం

రెండు వందల నుంచి మూడు వందల డాలర్లకు వస్తుంది, సాకెట్‌లో పెడితే చాలు, ఇల్లు మారితే వెంట వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవారికి దాదాపు ఇదొక్కటే దారి. ఒకే పెద్ద గదిగా ఉండే బేస్‌మెంట్‌కు ఇదే సరైన ఎంపిక అని కూడా చెప్పగలను.

పెట్టె మీది అంకెలను జాగ్రత్తగా చదవాలి. 2019లో పోర్టబుల్ యంత్రాల ప్రభుత్వ పరీక్ష నియమం మారి, 80 డిగ్రీల దగ్గర కొలిచేది 65 డిగ్రీల దగ్గర కొలవడం మొదలైంది. చల్లని గాలిలో ఆవిరి తక్కువ కనుక పాత 70 పింట్ల యంత్రమే కొత్త లెక్కలో 50 పింట్లదైంది. అందువల్ల పాత 70 కంటే కొత్త 50 చిన్నదని అనుకోనక్కరలేదు. బేస్‌మెంట్ 60 డిగ్రీలకు దిగే ఇల్లయితే చలిలో కాయిల్ మీద మంచు కట్టకుండా చూసుకునే రకమే తీసుకోవాలి.

దీని లోపాలు మూడు. బకెట్ నిండగానే యంత్రం ఆగిపోతుంది. తడి కాలంలో రోజుకు రెండుసార్లు పారబోయవలసి వస్తే రెండు వారాల తర్వాత ఎవరూ పారబోయరు. కాబట్టి నేలలోని డ్రెయిన్‌కో, సింకుకో గొట్టం పెట్టగలిగినచోటే దాన్ని ఉంచాలి. రెండవది, తలుపులు మూసిన పడకగదుల దాకా దాని ప్రభావం చేరదు. రెండంతస్తుల ఇంట్లో హాలులో పెట్టిన యంత్రం మేడమీది అల్మారాను కాపాడదు. మూడవది శబ్దం, వేడి. పడకగదిలో రాత్రంతా నడిపితే ఉదయానికి గది వెచ్చబడి ఉంటుంది.

ఇల్లు ఖాళీ చేసేవారు వాట్సాప్ గుంపుల్లో పెట్టే అమ్మకాల్లో పాత డీహ్యూమిడిఫైయర్లు చౌకగా దొరుకుతాయి. కొనే ముందు మోడల్ నంబరును అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ (సీపీఎస్‌సీ) రికాల్ జాబితాలో వెతకడం తప్పనిసరి. గ్రీ కంపెనీ తయారుచేసి పలు బ్రాండ్ల పేర్లతో అమ్మిన లక్షల యంత్రాలను నిప్పంటుకునే ప్రమాదం వల్ల 2013లో వెనక్కి పిలిచారు; ఆ తర్వాత కూడా ఇలాంటి రికాల్‌లు జరిగాయి. ముప్పై డాలర్లకు దొరికిన యంత్రం రాత్రంతా మనం నిద్రపోతుండగా నడిచే వస్తువని గుర్తుంచుకోవాలి.

అరచేయంత బుల్లి యంత్రాలు, అల్మారాలో పెట్టే కాల్షియం క్లోరైడ్ డబ్బాల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. డబ్బా మూసిన అల్మారాకు పనికివస్తుంది, బుల్లి యంత్రం దేనికీ పనికిరాదు.

## నాల్గవ మార్గం: హోల్‌హోమ్ డీహ్యూమిడిఫైయర్

ఇది అటకలోనో, ఏసీ గదిలోనో ఉండి, ఇంటి గాలి గొట్టాలకు కలిసి పనిచేస్తుంది. ఏసీ నడిచినా నడవకపోయినా, తేమను కొలిచి యంత్రాన్ని నడిపే హ్యూమిడిస్టాట్‌లో మీరు పెట్టిన అంకె దాటగానే తనంతట తాను మొదలవుతుంది. పొడి గాలి అన్ని గదులకూ చేరుతుంది. నీరు గొట్టం ద్వారా డ్రెయిన్‌లోకి పోతుంది. రెండున్నర వేల చదరపు అడుగుల ఇంటికి సాధారణంగా రోజుకు 70 నుంచి 100 పింట్ల సామర్థ్యం గలది పెడతారు. యంత్రం, బిగింపు కలిపి రెండు వేల నుంచి నాలుగు వేల డాలర్ల వరకు అవుతుంది. ఏప్రిల్‌ఏర్, శాంటా ఫే, హనీవెల్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. నా దృష్టిలో బ్రాండ్ కంటే బిగింపే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

బిగింపులో ముఖ్యమైనది గాలి దారి. యంత్రానికి ఇంటి మధ్యనుంచి విడిగా ఒక గాలి తీసుకునే జాలీ ఉండాలి, దాన్నుంచి వచ్చే పొడి గాలి ఏసీ కాయిల్ దాటిన తర్వాతి గొట్టంలో కలవాలి. పని తేలిక అని రెండు గొట్టాలనూ ఏసీ ఇంటి గాలిని వెనక్కి లాగే రిటర్న్ వైపే కలిపేవారు ఉన్నారు. అలా చేస్తే వెచ్చని పొడి గాలి నేరుగా తడి కాయిల్ మీదుగా వెళ్లి, ఏసీ తీసిన నీటిని మళ్లీ ఆవిరి చేస్తుంది. అటకలో పెడితే కింద రెండవ పళ్లెం, నీరు నిండితే యంత్రాన్ని ఆపే ఫ్లోట్ స్విచ్ తప్పక ఉండాలి. లేకపోతే బూజును ఆపడానికి పెట్టిన యంత్రమే ఒకనాడు కప్పును తడుపుతుంది.

కరెంటు ఖర్చు భయపడేంత ఉండదు. రోజుకు సగటున పది లీటర్లు తీస్తే ఐదు యూనిట్లు. యూనిట్ పదిహేను సెంట్ల లెక్కన నెలకు ఇరవై రెండు, ఇరవై మూడు డాలర్లు. ఫిల్టర్ మార్చడం, ఏడాదికోసారి డ్రెయిన్ గొట్టం శుభ్రం చేయించడం అదనం. పోర్టబుల్ యంత్రాలకు సాధారణంగా ఏడాది వారంటీ ఉంటే వీటికి ఐదారేళ్ల దాకా ఇస్తారు.

కొందరు దీన్ని పెట్టించుకున్నాక జూలైలోనూ అది గంటల తరబడి నడుస్తున్నదని గమనిస్తారు. ఏసీ రోజంతా నడిచే నెలలో డీహ్యూమిడిఫైయర్‌కు పెద్దగా పని ఉండకూడదు. ఉందంటే ఏసీ చాలా పెద్దదై ఉండాలి, లేదా గొట్టాలు కారుతుండాలి, లేదా ఎవరో అంకెను 40 శాతానికి దించి ఉండాలి. 50 చాలు, అక్కడినుంచి కిందికి దించే ప్రతి అంకెకూ యంత్రం ఎక్కువసేపు నడిచి, తక్కువ నీరు తీస్తుంది.

## ఐదవ మార్గం: క్రాల్‌స్పేస్‌కు విడి యంత్రం

నార్త్ కరొలైనా, జార్జియాలలో చాలా ఇళ్ల కింద మనిషి పాకి వెళ్లేంత ఖాళీ ఉంటుంది, దాన్నే క్రాల్‌స్పేస్ అంటారు. కింది మట్టి నుంచి లేచే చెమ్మ ఇంట్లోకి ఎక్కుతుంటే, పైన ఎంత పెద్ద హోల్‌హోమ్ యంత్రం పెట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు మట్టి మీద మందపాటి పాలిథీన్ పరిచి అతుకులు మూయించి, బయటి గాలి వచ్చే జాలీలు మూసేయించి, ఆ తర్వాత అక్కడికే సరిపోయే యంత్రం పెట్టించాలి. ఈ పని హోల్‌హోమ్ యంత్రం కంటే ఎక్కువ ఖర్చవుతుంది, అయినా ఇలాంటి ఇళ్లలో దీనికే ముందు చోటు.

| మార్గం | ప్రారంభ ఖర్చు | ఏసీ ఆగిన రోజున | నీటి పారుదల | ఎవరికి తగినది |
|---|---|---|---|---|
| ఏసీని సరిచేయడం | సున్నా నుంచి కొన్ని వందల డాలర్లు | పనిచేయదు | ఉన్న గొట్టమే | అందరూ ముందుగా |
| ఎగ్జాస్ట్, హుడ్ | కొన్ని వందలు | వాతావరణాన్ని బట్టి | అక్కరలేదు | పొడి, చల్లని ప్రాంతాలు |
| పోర్టబుల్ | 200 నుంచి 300 డాలర్లు | ఉన్న గదిలోనే | బకెట్ లేదా గొట్టం | అద్దె ఇళ్లు, బేస్‌మెంట్ |
| హోల్‌హోమ్ | 2,000 నుంచి 4,000 డాలర్లు | ఇల్లంతా | శాశ్వత గొట్టం | తడి ప్రాంతపు సొంత ఇళ్లు |
| క్రాల్‌స్పేస్ మూత, విడి యంత్రం | హోల్‌హోమ్ కంటే ఎక్కువ | ఇంటి కింద | గొట్టం లేదా పంపు | క్రాల్‌స్పేస్ ఇళ్లు |

## మీ ఇల్లు ఏ కోవలోనిది

హ్యూస్టన్ పరిసరాల్లో కొత్తగా, గాలి చొరబడకుండా బిగువుగా కట్టిన ఇల్లు, అక్టోబరులో మేడమీది అల్మారా మీటరు వారాల తరబడి 62, 65 చూపుతున్నది, ఫ్యాన్ ఇప్పటికే 'ఆటో'లో ఉంది. ఇలాంటివారు హోల్‌హోమ్ యంత్రానికి డబ్బు పెట్టవచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే నేను ఇంకా త్వరగా పెట్టించమంటాను. కొత్త ఇళ్లలో ఈఆర్‌వీ అనే గాలి మార్పిడి పరికరం ఉన్నది కదా, ఇక యంత్రమెందుకని అడుగుతారు. అది లోపలికి వచ్చే తేమను తగ్గిస్తుంది కాని ఇంట్లో ఉన్న తేమను తీయదు.

న్యూజెర్సీలో బేస్‌మెంట్ మాత్రమే ముక్కిపోయిన వాసన వేస్తూ పై అంతస్తులు 50 శాతం దగ్గర ఉంటే, గట్టర్లు సరిచేసి, గొట్టం పెట్టిన పోర్టబుల్ యంత్రం కొనుక్కుని మిగిలిన డబ్బు దాచుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవారు పోర్టబుల్ తీసుకోవచ్చు, అయితే గోడలో నీరు కారుతున్న గుర్తులుంటే యాజమాన్యానికి ఫోటోలతో, రాతపూర్వకంగా తెలియజేసిన తర్వాతే. డాలస్‌వారు సరిహద్దులో ఉన్నారు. రెండు వసంతాలు కొలిచి నిర్ణయించుకున్నా నష్టం లేదు.

ఇప్పటికే పట్టిన బూజును ఏ యంత్రమూ తొలగించదు. తేమ తగ్గితే అది పెరగడం ఆగుతుంది, కాని ఎండిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది. పది చదరపు అడుగుల లోపు మచ్చను సబ్బు నీటితో మీరే తుడిచి ఆరబెట్టుకోవచ్చని ఈపీఏ అంటుంది, బ్లీచ్‌ను అలవాటుగా వాడమని అది చెప్పదు. అంతకు మించితే నిపుణులను పిలవాలి. టెక్సాస్‌లో బూజును పరీక్షించి నివేదిక ఇచ్చేవారు, అదే ఇంట్లో దాన్ని తొలగించేవారు ఒకరే కాకూడదని చట్టం ఉంది. రెండూ మేమే చేస్తామని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోవచ్చు.

## అంచనా చేతికి వచ్చాక అడగవలసినవి

పింట్ల సామర్థ్యాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు? 80 డిగ్రీల దగ్గరి అంకెను, 73 డిగ్రీల దగ్గరి అంకెను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పొడి గాలి కాయిల్‌కు ముందు కలుస్తుందా, తర్వాత కలుస్తుందా? యంత్రానికి విడి సర్క్యూట్ వేస్తారా? ఫ్లోట్ స్విచ్ అంచనాలో ఉందా? ఫిల్టర్ మార్చడానికి అటకలో మనిషి చేరుకోగలడా? నాకు తెలిసిన ఒక ఇంట్లో బిగించినవాళ్లు యంత్రాన్ని ఫిల్టర్ తలుపు దూలానికి ఆనేలా పెట్టి వెళ్లారు. ఆ ఫిల్టర్ మూడేళ్లు మారలేదు.

## ఇండియాకు వెళ్లేటప్పుడు

పిల్లల సెలవుల్లో ఐదారు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్లే కుటుంబాలకు ఈ ఎంపిక మరింత ముఖ్యం. కరెంటు ఆదా చేద్దామని ఏసీ పూర్తిగా ఆపి వెళితే గల్ఫ్ తీరపు ఇల్లు జూలైలో రెండు వారాల్లోనే బూజు పట్టవచ్చు. థర్మోస్టాట్‌ను 80 డిగ్రీల మీద, ఫ్యాన్‌ను 'ఆటో' మీద ఉంచి, హోల్‌హోమ్ యంత్రం ఉంటే దాన్ని 55 శాతానికి పెట్టి, ఇంటి ప్రధాన నీటి కవాటం కట్టేసి వెళ్లండి. అల్మారాల తలుపులు, పూజగది తలుపు, వీలైతే బీరువా తలుపులు కూడా తెరిచే ఉంచాలి. పోర్టబుల్ యంత్రం మీద ఆధారపడేవారు గొట్టాన్ని కనీసం వారం ముందే బిగించి, నీరు వాలుగా పోతున్నదో లేదో, ఎక్కడైనా మెలికపడి ఆగుతున్నదో చూసుకోవాలి. బకెట్ మీద వదిలేసి వెళితే అది మొదటి రెండు రోజుల్లోనే నిండి ఆగిపోతుంది. వైఫై ఉన్న హైగ్రోమీటరు ముప్పై డాలర్లకు దొరుకుతుంది. అది ఉంటే విజయవాడలో కూర్చుని అట్లాంటా ఇంటి అంకె చూసుకోవచ్చు, 65 దాటితే తాళంచెవి ఇచ్చి వచ్చిన పక్కింటివారికి ఫోన్ చేయవచ్చు.